రంగశాల మేనేజరు తీర్పు

నటుని కళను గూర్చి విమర్శకుడు వ్రాయును. ప్రేక్షకుడు చప్పట్లు చరచును, లేదా లేచిపోవును. కాని ఆ నటుడు మరునాడు రంగమెక్కవలెనా, మూటకట్టుకొని రైలెక్కవలెనా యని తేల్చువాడు వేరొకడు కలడు. అతడే రంగశాల మేనేజరు. నాటక చరిత్రలందు కవికిని నటునికిని దక్కిన తావు ఇతనికి దక్కలేదు. అయినను ఏ కళ నిలిచెను, ఏది మాసెను అను ప్రశ్నకు సమాధానము చాలవఱకు ఇతని తీర్పులోనే యున్నది.

ఇట్టి తీర్పులు వ్రాతమూలకముగా నిలిచిన తావు అమెరికా దేశము. అచట 19వ శతాబ్ది చివరను వాడెవిల్ అను వినోద ప్రదర్శనము ప్రబలెను. ఇది ఒకే కథ గల నాటకము కాదు. పాట, నృత్యము, హాస్యము, గారడి, దొమ్మరి విద్య, జంతువుల ఆట, చిన్న నాటిక—ఇట్టి ఎనిమిది తొమ్మిది అంశముల కూర్పు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కీత్, అతని సహచరుడు ఎడ్వర్డ్ ఆల్బీ అనువారు అనేక నగరములందు రంగశాలలను ఒక వరుసగా నడపిరి. ఒక నగరమున వారము రోజులు ఆడిన బృందము మరువారము వేరొక నగరమునకు పోవుచుండెను.

సోమవారము మధ్యాహ్నపు ఆట మేనేజరునకు పరీక్షాసమయము. అతడు శాలలో కూర్చుండి, ఏ అంశము ఎన్ని నిమిషములు సాగెను, రంగమంతయు కావలసి వచ్చెనా లేక ముందు తెర యెదుటనే సరిపోయెనా, జనులు నవ్విరా, ఊరకుండిరా యని గుర్తించి ప్రధాన కార్యాలయమునకు నివేదిక పంపవలెను. 1902 మొదలు 1923 వఱకు గల ఇట్టి నివేదికల సంపుటములు అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నేటికిని భద్రముగా నున్నవి. అందు అలంకారశాస్త్ర చర్చ లేదు. ఈ అంశము ఈ వెలకు తగునా, దీనిని ముందునకు జరుపవలెనా, ఇందలి ఒక మాటను కోసివేయవలెనా అనునదే విచారణ.

అంశముల వరుస కూర్చుటయే ఈ విద్యలో సగము. ప్రేక్షకులు ఇంకను వచ్చి కూర్చుండుచుండగా మాటలతో పనిలేని దొమ్మరి విద్యనో జంతువుల ఆటనో మొదట పెట్టుదురు. పెద్దపేరు గలవానిని చివరినుండి రెండవ తావున నిలుపుదురు. కట్టకడపటి అంశము జనులు లేచిపోవుచుండగా సాగును గనుక ఆ తావు ఎవరికిని ఇష్టము కాదు. వెనుక పెద్ద రంగము అమర్చుచున్నంతసేపు ముందు తెర యెదుట ఒక హాస్యగాడో గాయకుడో జనులను నిలుపవలెను. కనుక ఒక నటుడు ఏ తావున నిలిచెనో చూచినచో, మేనేజరు అతనిని ఎంతగా తూచెనో తెలియును.

ఈ అధికారమునకు మఱొక ముఖము కలదు. మేనేజరు నివేదిక బాగులేనిచో నటుని వేతనము తగ్గవచ్చును, వరుస మాఱవచ్చును, మొదటి ఆటతోనే పని పోవచ్చును. 1906లో ఏర్పడిన ఉమ్మడి నియామక కార్యాలయము నటుల ఒప్పందములను తన చేతిలోనికి తీసికొని వారి జీతమున పాలు గొనుచుండెను. నటులు 1900లో సంఘము కట్టుకొనిరి. 1916-17లో సమ్మె చేసి ఓడిపోయిరి. తీర్పు చెప్పువాడు, జీతమిచ్చువాడు, పాలు గొనువాడు ఒకే పక్షమున నున్నప్పుడు నటునికి మొఱ పెట్టుకొనుటకు తావెక్కడిది?

మన తెలుగునాట ఈ తీర్పరి మూడు రూపములలో కనబడును. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధతో ఆరంభించిన సమాజమున యజమాని కుటుంబపు పెద్ద. అచట నటుడు కొడుకో, కోడలో, మనుమడో. తగని పాత్రనుండి తప్పింపవచ్చును గాని ఇంటినుండి తప్పింపరాదు. పాత్ర తప్పినవాడు తెర లాగును, దీపము పట్టును, తబలా వాయించును. ఆ సమాజములు తరతరములుగా నిలుచుటకు ఇదియు నొక కారణము.

రెండవవాడు స్పెషలు నాటకముల కంట్రాక్టరు. అతడు వేర్వేరు ఊళ్ల ప్రసిద్ధ నటులను ఒక్క రాత్రికి కూర్చును. కలిసి సాధన చేయుటకు వ్యవధి యుండదు. ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులు వరుసగా రంగమెక్కుదురు. ఇచట తీర్పు 'వన్స్‌మోర్' అను కేకలో నున్నది. పద్యము గెలిచెను, కథ నలిగెను.

మూడవవాడు యజమానియు నటుడును తానే యైనవాడు. తుమకూరు జిల్లావారికి ఇట్టివాడు దూరపువాడు కాడు. 1884లో గుబ్బి పట్టణమున పుట్టిన నాటక కంపెనీలో బాలుడుగా చేరి, పిదప దానికే అధిపతియైన గుబ్బి వీరణ్ణ (1891-1972) స్వయముగా గొప్ప హాస్యనటుడు. కురుక్షేత్ర నాటకమున నిజమైన ఏనుగులను, గుఱ్ఱములను రంగమెక్కించిన సాహసి. ఆ కంపెనీలో తరిఫీదు పొందిన రాజకుమార్, 1954లో 'కాళహస్తి మహాత్మ్యం' చిత్రమున తెలుగువారికిని కన్నప్పగా కనబడెను. నటుని కష్టమెఱిగినవాడే తీర్పరియైనచో ఎట్టి ఫలము కలుగునో ఇది చూపుచున్నది.

ఇక మూడువైపుల ఆంధ్రసీమ చుట్టుకొనియున్న పావగడ తాలూకా సంగతి. వెంకటమ్మనహళ్లి వంటి గ్రామములందు ఇంట తెలుగు, బడిలోను కచేరీలోను కన్నడము. ఇచటి జనులు రెండు భాషల నాటకములకును తీర్పరులే. పాత మైసూరు పల్లెలందు పౌరాణిక నాటకము వేయునప్పుడు నటుడు జీతము పుచ్చుకొనడు. పాత్రకు ఇంతయని తానే చెల్లించును. హార్మోనియము మేష్టరు శ్రుతిని, గొంతును చూచి పాత్ర నిర్ణయింపవలసినవాడు. కాని దుర్యోధన పాత్రకు ఎక్కువ సొమ్ము చెల్లించినవాని శ్రుతి తప్పినచో అతడేమి చేయగలడు? కీత్ శాలలో నటుడు మేనేజరు చేతిలో నుండగా, ఇచట మేష్టరే నటుని చేతిలో నున్నాడు. రెండు చోట్లను తీర్పును వంచునది సొమ్మే.

అయినను ఒక భేదము కలదు. అమెరికా మేనేజరు కఠినుడైనను తాను చూచినదానిని వ్రాసి యుంచెను. అందుచేత, పేరు మఱచిపోయిన గారడివాడు సైతము ఎన్ని నిమిషములు జనులను నిలిపెనో నేడు తెలియుచున్నది. మన మేష్టర్ల తీర్పులు నోటితో పుట్టి నోటితో పోయినవి. ఏ ఏట ఏ నాటకము ఏ భాషలో ఆడిరి, ఏ పద్యమునకు జనులు రెండవమాఱు అడిగిరి అనునది ఊరి ముదుసలుల జ్ఞాపకమున మాత్రమే మిగిలియున్నది. ఒక నోటుపుస్తకమును చేతబట్టి ఆ ముదుసలులయొద్ద కూర్చుండు యువకుడు ప్రతి గ్రామమునను ఒక్కడైనను బయలుదేఱినచో, సరిహద్దు తెలుగువారి రంగస్థలమునకు చరిత్ర కలుగును. ఆలస్యమైనచో, తెర పడిన పిదప శాలకు వచ్చినట్లగును.