కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటే దగ్గరి అక్షరాలు మసకబారడమెందుకు?

హ్రస్వదృష్టి గలవారు, అనగా దగ్గరివి చక్కగా కనిపించి దూరపువి మసకగా తోచేవారు, నలభై ఏళ్ల ప్రాంతంలో కళ్లజోడు మాని కాంటాక్ట్ లెన్సులు ధరించినప్పుడు ఒక వింత అనుభవానికి లోనవుతుంటారు. వీధి చివరనున్న బస్సు నంబరు స్పష్టంగా కనిపిస్తుంది. చేతిలోని పత్రిక మాత్రం మసక! బియ్యంలో రాళ్లేరడం, మందు సీసాపై తేదీ చదవడం కష్టమవుతాయి. "ఇన్నాళ్లూ నాకు దగ్గరి చూపే బాగుండేది, ఈ లెన్సులే దానిని పాడుచేశాయి" అని కొందరు వాటిని మూలన పడవేస్తారు. మరికొందరు గృహవైద్యం పేరిట కంటిలో ఏవేవో చుక్కలు వేసుకుంటారు. మొదటి పని వలన డబ్బు వృథా. రెండవదాని వలన కంటికే ముప్పు రావచ్చు.

నిజానికి లెన్సులు చూపును పాడుచేయలేదు. అంతవరకు కళ్లజోడు దాచి ఉంచిన చత్వారాన్ని అవి బయటపెట్టాయి.

చత్వారం అన్న పేరులోనే నలభై ఉన్నది. మన కంటిలోని సహజ కటకం దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బి, దూరపు వస్తువును చూసేటప్పుడు పలుచబడుతుంది. వయసుతోపాటు అది గట్టిపడి ఉబ్బే శక్తిని కోల్పోతుంది. చిన్నతనంలో 12 డయాప్టర్లకు పైగా ఉండే ఈ శక్తి నలభై ఏళ్లకు సుమారు 4, 5 డయాప్టర్లకు తగ్గుతుంది. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలను వర్ణిస్తూ, తిమిరం రెండవ పటలాన్ని చేరినప్పుడు ఎంత ప్రయత్నించినా సూది బెజ్జం కనిపించదని చెప్పాడు. ఆ తిమిరమూ నేటి చత్వారమూ ఒకటేనని అనలేము గాని, సూది బెజ్జంతో చూపును పరీక్షించుకునే అలవాటు ఎంత పాతదో దీనివలన తెలుస్తుంది.

మరి కళ్లజోడు ఈ లోపాన్ని ఎలా దాచింది? మొదటి మార్గం అందరూ ఎరిగినదే. మైనస్ మూడు పవరు గలవారు జోడు తీసివేస్తే అడుగు దూరంలోని అక్షరాలు ఏ శ్రమా లేకుండా కనిపిస్తాయి. జోడును ముక్కుపైకి జార్చి చదవడం కూడా ఇటువంటి ఉపాయమే. లెన్సును అలా క్షణంలో తీసి పెట్టుకోలేము కదా!

రెండవ కారణం అంతగా తెలియనిది. కళ్లజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల ముందు నిలుస్తుంది. లెన్సు కంటిపైనే ఆనుకొని ఉంటుంది. ఈ కొద్ది ఎడమే లెక్కను మార్చివేస్తుంది. మైనస్ ఆరు పవరు గలవారు 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదివేటప్పుడు జోడుతో కన్ను చేయవలసిన శ్రమ సుమారు 2.1 డయాప్టర్లు, లెన్సుతో 2.4. తేడా స్వల్పమే. కాని ఉన్న శక్తిలో సగం వరకే మనం అలసట లేకుండా వాడుకోగలమని కంటి వైద్యుల లెక్క. నలభై ఏళ్లకు ఆ సగమే రెండు డయాప్టర్లకు కాస్త పైన ఉంటుంది. జోడుతో గట్టెక్కినవారు లెన్సుతో గట్టెక్కలేకపోవడం ఇందువల్లనే. పైగా దగ్గరికి చూసేటప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరగాలి. మైనస్ అద్దాలు ఆ శ్రమను కొంత తగ్గిస్తాయి. లెన్సులో ఆ సాయమూ లేదు.

ఇంకొక పొరపాటు కూడా జరుగుతుంటుంది. కళ్లజోడు పవరునే లెన్సుకు తీసుకోకూడదు. జోడులో మైనస్ ఆరు అయితే లెన్సులో సుమారు మైనస్ ఐదున్నర చాలును. పాత చీటీ చూపి అదే పవరు కొనుక్కుంటే దగ్గరి చూపు మరింత ఇబ్బంది పడుతుంది. ముప్పై ఏళ్లు కూడా నిండనివారికి ఈ బాధ కలిగితే ముందుగా అనుమానించవలసినది పవరునే. కుడి ఎడమలు తారుమారైనా ఇదే జరుగుతుంది. చదివేటప్పుడు రెప్ప వేయడం తగ్గి, లెన్సు ఎండి మసకబారడమూ కలదు. నాలుగైదు సార్లు నిదానంగా రెప్ప వేస్తే అక్షరం తేటపడినట్లయితే అది పొడిదనమే. మధుమేహం ఉన్నవారికి చూపు రోజుకొక తీరుగా మారుతుంటే రక్తంలో చక్కెరను పరీక్షించుకోవాలి.

చత్వారమే అయితే తేలికైన ఉపాయం, లెన్సులపైనే చదువుకునేటప్పుడు ప్లస్ ఒకటి లేదా ఒకటిన్నర జోడు పెట్టుకోవడం. ఒక కంటికి దూరానికి, రెండవ కంటికి దగ్గరకు సరిపోయే లెన్సులు ఇచ్చే పద్ధతీ ఉన్నది. అది అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. రాత్రివేళ వాహనం నడిపేవారికి అంతగా నప్పదు. రెండు దూరాలకూ పనికివచ్చే మల్టీఫోకల్ లెన్సులు కూడా దొరుకుతాయి. మసక వెలుతురులో వాటితో అక్షరాలు కొంత పలుచగా తోస్తాయి. వైద్యునికి మీ పని ఏమిటో, పుస్తకాన్ని ఎంత దూరంలో పట్టుకుంటారో చెప్పండి.

ఇక గృహవైద్యం మాట. గట్టిపడిన కటకాన్ని ఏ ఆకు పసరూ మెత్తబరచలేదు. త్రిఫలా కషాయం, తేనె, ఆముదం, పన్నీరు, నందివర్ధనం పూల రసం, చనుబాలు, వీటిలో ఏదీ లెన్సు ఉన్న కంటిలో వేయరాదు. లెన్సు కింద చేరిన సూక్ష్మక్రిములు నల్లగుడ్డుపై పుండుకు దారితీస్తాయి, ఆ మచ్చ చూపును శాశ్వతంగా హరించవచ్చు. లెన్సులను కుళాయి నీటితోగాని, కాచిన నీటితోగాని, ఇంట్లో కలిపిన ఉప్పునీటితోగాని కడగకూడదు. దానికి తగిన ద్రావణమే వాడాలి. కాటుక పెట్టుకునే అలవాటున్నవారు ముందు లెన్సు పెట్టుకొని, తరువాత రెప్ప వెలుపలి అంచున మాత్రమే దిద్దుకోవాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసివేసి, ఆ రోజే కంటి వైద్యుని వద్దకు వెళ్లండి. తీసిన లెన్సును పారవేయకుండా దాని పెట్టెలో ఉంచి వెంట తీసుకొనిపోండి. పుండుకు కారణమైన క్రిమి దానిపై దొరకవచ్చు.