ఓడలో విందుకి పట్టుచీరే చాలు

వేసవిలో అమ్మానాన్నలు అమెరికా వచ్చారంటే, మనవాళ్ల ఇళ్లలో నయాగరా తర్వాత వినిపించే మాట అలాస్కా క్రూజ్. సియాటిల్‌లోనో వాంకూవర్‌లోనో ఓడెక్కితే కెచికన్, జూనో, స్కాగ్వే చూసి, హిమానీనదాల దగ్గరదాకా వెళ్లి వారంలో తిరిగి రావచ్చు. పెద్దవాళ్లకి నడక తక్కువ. ఊరు మారినప్పుడల్లా పెట్టె సర్దే పని లేదు. టికెట్లు కొన్నాక మొదలవుతుంది అసలు చర్చ. రాత్రి భోజనానికి కోటూ గౌనూ లేకపోతే రానివ్వరటగా అని ఒకరంటారు. చీరతో వెళ్తే అందరూ మననే చూస్తారేమో అని ఇంకొకరు. ఆ జంకుతోనే కొన్ని కుటుంబాలు వారమంతా పై అంతస్తులో బఫే తిని దిగిపోతున్నాయి. తెల్లగుడ్డ పరిచిన బల్ల, రెండో రోజుకల్లా పేరు పెట్టి పలకరించే వెయిటరు, తీరిగ్గా ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వంటకాలు, అన్నీ కింద మెయిన్ డైనింగ్ రూములోనే ఉండిపోతాయి. టికెట్ ధరలో వాటికీ కలిపే డబ్బు కట్టాం. కేవలం బట్టల గురించిన భయంతో దాన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఓడలో రోజూ ముస్తాబవక్కర్లేదు. వారం రోజుల ప్రయాణంలో సాధారణంగా రెండు రాత్రులే ఫార్మల్. కార్నివాల్ లెక్క ప్రకారం అయిదు రోజుల్లోపు ప్రయాణమైతే ఒకటే, ఆరు రోజులూ ఆపైన అయితే రెండు. వాళ్లు దాన్ని క్రూజ్ ఎలిగెంట్ అంటారు. సెలబ్రిటీ ఓడల్లో ఈవెనింగ్ షిక్ అంటారు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది గాని, మనం పెళ్లి రిసెప్షన్‌కి ఎలా తయారవుతామో ఆ రాత్రికి అలా తయారైతే సరిపోతుంది. మిగతా రాత్రులకి మగవాళ్లయితే ప్యాంటు, కాలరున్న చొక్కా. ఆడవాళ్లయితే కుర్తీ, చుడీదారు, నూలుచీర, ఏదైనా బాగుంటుంది. నార్వీజియన్ కంపెనీ 2000లో ఫ్రీస్టైల్ పద్ధతి తెచ్చి, ఫార్మల్‌గా రావాలన్న నిర్బంధాన్నే ఎత్తేసింది. వైకింగ్ ఓడల్లోనూ ఫార్మల్ నైట్ ఉండదు.

దీనికి పూర్తిగా అవతలి కొస క్యూనార్డ్. సామ్యూల్ క్యూనార్డ్ 1840లో అట్లాంటిక్ మీద టపా ఓడలు నడపడం మొదలుపెట్టిన కంపెనీ అది. 2004లో తొలి ప్రయాణం చేసిన క్వీన్ మేరీ 2 ఇప్పటికీ సౌతాంప్టన్, న్యూయార్క్ మధ్య ఏడు రాత్రుల ప్రయాణం చేస్తుంది. అందులో సాయంత్రం ఆరు దాటాక ఓడలో చాలా చోట్ల దుస్తుల నియమం మొదలవుతుంది. గాలా రాత్రుల్లో మగవాళ్లు టక్సీడో గానీ, టైతో ముదురు రంగు సూటు గానీ వేసుకోవాలి. ఇష్టం లేనివాళ్లు బఫేకీ, వాళ్లు చెప్పిన మరి కొన్ని చోట్లకీ వెళ్లొచ్చు. ఇంత పట్టింపున్న కంపెనీ కూడా ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్లు వేసుకు రావచ్చని తన నియమాల్లోనే చేర్చింది. మనం గట్టిగా పట్టుకోవాల్సింది ఆ ఒక్క వాక్యాన్ని.

మొదటి రాత్రి ఫార్మల్ పెట్టకపోవడం పాత ఓడల కాలంనుంచి వస్తున్న ఆనవాయితీ. అప్పటి మొదటి తరగతి ప్రయాణికులు రోజూ రాత్రి భోజనానికి ప్రత్యేకంగా తయారయ్యేవారు. ఓడ బయల్దేరిన రాత్రి, దిగేముందు రాత్రి మాత్రం వాళ్లకీ మినహాయింపే. ఒకనాడు పెట్టెలు విప్పి ఉండరు, మరొకనాడు కట్టేసి ఉంటారు. ఇప్పటికీ అదే కారణం. రేవులో పెద్ద పెట్టెలు పోర్టర్లకి అప్పజెప్తాం. అవి గది గుమ్మం ముందుకి చేరేసరికి సాయంత్రమవుతుంది, ఒక్కోసారి చీకటి పడుతుంది. అందుకని ఒక జత మంచి బట్టలు, మందులు, స్వెటరు చేతిసంచిలో ఉంచుకోవాలి. బంగారం సంగతి చెప్పనక్కర్లేదు. అది పోర్టరు తోసుకెళ్లే పెట్టెలో ఎప్పుడూ పెట్టకండి. గదిలో చిన్న లాకరు ఉంటుంది, విందు అయ్యాక అందులో పెట్టేసుకోవచ్చు. సాధారణంగా వారం ప్రయాణంలో రెండో రాత్రో మూడో రాత్రో, ఓడ ఏ రేవులోనూ ఆగకుండా రోజంతా నడిచే నాడు ఫార్మల్ నైట్ వస్తుంది. తయారవడానికి తీరికుండాలని అలా పెడతారు.

ఇక చీర. అది ఫార్మలా కాదా అని మనవాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. పట్టుచీరని మించిన ఫార్మల్ దుస్తులు ఆ హాల్లో ఉండవని నా గట్టి అభిప్రాయం. అలాస్కా ప్రయాణంలో ఫార్మల్ నైట్ రోజున మా అత్తయ్య గద్వాల చీర కట్టుకుంది. మెంతిరంగు నూలు నేత, మెరూన్ పట్టు అంచు. మెట్లు దిగి హాల్లోకి అడుగుపెట్టే దాకా ఆవిడ పైట సవరించుకుంటూనే ఉంది. మా పక్క బల్ల దగ్గర కూర్చున్న కెనడా ముసలావిడ లేచి వచ్చి, ముట్టుకోవచ్చా అని అడిగి, నూలు ఆగి పట్టు మొదలయ్యే చోట వేలితో తడిమి చూసింది. కుట్టు ఎక్కడుందని అడిగింది. కుట్టు లేదు, మగ్గం మీదే రెండూ కలుపుతారని అత్తయ్య చెప్తుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. కాసేపటికి మంగళూరు కుర్రాడు, మా వెయిటరు, నీళ్లు పోస్తూ మా అమ్మకీ ఇలాంటిది ఉందండీ అన్నాడు. ఆ తర్వాత అత్తయ్య పైట సవరించుకోలేదు.

ఏ చీర పట్టుకెళ్లాలన్నదాంట్లో కొంచెం ఆలోచించాలి. ఓడలో బరువుకి ఇబ్బంది లేదు గాని, ఓడ దాకా విమానంలో వెళ్లేవాళ్లకి సాధారణంగా పెట్టె 23 కిలోలు దాటకూడదు. బరువైన కంచిపట్టు, ధర్మవరం చీర ఒకటి చాలు. రెండో ఫార్మల్ నైట్‌కి ఉప్పాడ జాందానీ తీసుకెళ్లండి. చేతిలో ఉన్నట్టే ఉండదు, దీపాల వెలుగులో జరీబుటాలు బాగా కనిపిస్తాయి. పోచంపల్లి ఇక్కత్ పట్టు కూడా అలాగే తేలిక. మామూలు రాత్రులకి మంగళగిరి, వెంకటగిరి నూలుచీరలు ఉండనే ఉన్నాయి.

అసలు చిక్కు గదిలో ఉంది. మామూలు క్యాబిన్ మన ఇళ్లలో ఒక చిన్న పడగ్గదంత. మంచానికీ బల్లకీ మధ్య ఒక మనిషి నిలబడే చోటుంటుంది, అక్కడే కుచ్చిళ్లు పోసుకోవాలి. అగ్నిప్రమాదాల భయం వల్ల ఇస్త్రీపెట్టె, స్టీమరు మనం తెచ్చుకోకూడదు, తెస్తే తనిఖీలో తీసి పక్కన పెట్టేస్తారు. కొన్ని కంపెనీల ఓడల్లో ప్రయాణికులకి బట్టలుతికే గది, అందులో ఇస్త్రీపెట్టె ఉంటాయి. రాయల్ కరీబియన్ వంటి వాటిలో అదీ లేదు, డబ్బిచ్చి చేయించుకోవాలి. కాబట్టి ఇస్త్రీ, కుచ్చిళ్లు ఇంటి దగ్గరే ముగించడం మేలు. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో చీర ప్రీ ప్లీటింగ్ చేసి పెట్టెలా మడిచి ఇస్తున్నారు. కుచ్చిళ్లకీ పైటకీ పిన్నులు పెట్టి, పాత నూలు పంచెలో చుట్టి, సూట్‌కేసులో అన్నిటికన్నా పైన పెట్టుకుంటే గదిలో అయిదు నిమిషాల్లో కట్టుకోవచ్చు. ఓడ గదుల గోడలు చాలావరకు ఇనుపరేకువి. అయస్కాంతపు కొక్కేలు నాలుగు తీసుకెళ్తే చీరలు, కోట్లు గోడకే వేలాడదీసుకోవచ్చు. నూలు, సింథటిక్ బట్టల ముడతలకి బాత్రూములో వేడినీళ్లు విడిచి, ఆ ఆవిరిలో పావుగంట తగిలిస్తే చాలు. జరీచీరకి ఆ ప్రయోగం వద్దు.

చెప్పులు మడమ ఎత్తు లేనివి ఎంచుకోండి. ఓడ కదులుతుంటుంది, బయటి డెక్కు మీదికి వెళ్లే తలుపుల దగ్గర గడపలు ఎత్తుగా ఉంటాయి. చీర కుచ్చిళ్లు వాటికి తగులుకుంటే పెద్దవాళ్లు తూలతారు. డెక్కు మీద ఫొటో దిగాలంటే పైటకి ఒక పిన్ను ఎక్కువే పెట్టుకోవాలి, గాలి అంత బలంగా వీస్తుంది. డైనింగ్ రూములో ఏసీ చలి కూడా మామూలుగా ఉండదు. గంటన్నర కూర్చునే భోజనం కదా. అమ్మకి శాలువా, నాన్నకి కోటో ఉన్ని జాకెట్టో లేకుండా పంపకండి.

మగవాళ్ల సంగతి ఇంకా తేలిక. ముదురు రంగు సూటు ఉంటే అదే చాలు. టక్సీడో అద్దెకి తెచ్చుకోనవసరం లేదని నా సలహా. బంద్‌గలా కోటు చాలా హుందాగా ఉంటుంది. షేర్వానీ మాత్రం అలాస్కాకి సరేగాని కరీబియన్‌లో చెమట పట్టిస్తుంది. పంచె మానని నాన్నలకి పెద్ద అంచు పంచె, పట్టు లాల్చీ, కండువా. పంచె జారుతుందన్న దిగులుంటే వెల్‌క్రో పంచెలు దొరుకుతున్నాయి. పాదాలకి మాత్రం షూ గానీ, ముందు మూసి ఉన్న జూతీ గానీ ఉండాలి. డైనింగ్ రూముల్లో సాధారణంగా వద్దనేది హవాయి చెప్పులనీ, ఈతదుస్తులనీ, చేతుల్లేని బనియన్లనీ, టోపీలనీ. ఫార్మల్ నైట్‌లో నిక్కర్లు, చిరుగుల జీన్సు కూడా కుదరవు. ఇంకా సందేహముంటే ఎక్కేముందే కంపెనీకి ఒక ఉత్తరం రాసి జవాబు దగ్గర పెట్టుకోండి, పెద్దాయన నిశ్చింతగా నడుస్తాడు.

పిల్లలకి పట్టుపరికిణీ ముచ్చటగానే ఉంటుంది గాని, రెండు గంటలు బిగుతు బట్టల్లో కూర్చోబెడితే ఏడుస్తారు. భోజనానికి ముందు ఫొటోలు తీసేసి, ఆపైన మెత్తని గౌను వేసేయండి. కరీబియన్ వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక: బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియాల్లో మిలిటరీ మచ్చల బట్టలు పౌరులు వేసుకోవడం చట్టరీత్యా నిషేధం. పిల్లల నిక్కర్లలో అలాంటివి ఉంటే ఇంట్లోనే వదిలేయండి.

ఫార్మల్ నైట్ నాకిష్టమవడానికి అసలు కారణం ఫొటో. ఆ సాయంత్రం మెట్ల దగ్గర, హాళ్లలో తెరలు కట్టి ఫొటోగ్రాఫర్లు నిలబడతారు. తీయించుకోవడం ఉచితం, నచ్చితేనే కొంటాం. మూడు తరాలూ ఒకేచోట, ఒకే రాత్రి, మంచి బట్టల్లో ఉండే అవకాశం మన వలస బతుకుల్లో ఎన్నిసార్లు వస్తుంది? అన్నదమ్ములు రెండు దేశాల్లో, అమ్మానాన్నలు మూడో చోట. పెళ్లిళ్లకే అందరం కలవలేకపోతున్నాం. ఆ ఫొటోలో అమ్మ కొత్తగా కొన్న, వంటికి అలవాటులేని గౌనులో బిగుసుకుపోయి కనిపించడం నాకిష్టం లేదు. తన చీరలో తనలా ఉండాలి.

స్వదేశంలో ఉన్నవాళ్లకీ ఓడ ప్రయాణం ఇప్పుడు దూరం కాదు. 2021 నుంచి కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ ఓడ ముంబై నుంచి నడుస్తోంది. 2022లో అది విశాఖకీ వచ్చింది. 2023లో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మీ అమ్మానాన్నలు అక్కడే ఓడెక్కినా ఈ మాటలు చాలావరకు వర్తిస్తాయి.

ఈ వేసవిలో ఓడెక్కేవాళ్లు టికెట్ కొన్న రోజే ఏజెంటుని రెండు సంగతులు అడగండి: ఫార్మల్ నైట్ ఎన్నో రాత్రి వస్తుంది, ఏయే రెస్టారెంట్లకి నియమం వర్తిస్తుంది. ఆ తర్వాత ఊరికి ఫోన్ చేసి, పెట్టెలో ఒక మంచి పట్టుచీర, ఒక అంచు పంచె తప్పకుండా పెట్టుకోమని అమ్మానాన్నలకి చెప్పండి. వాళ్లని ఆ రాత్రి బఫేకి కాదు, డైనింగ్ రూముకి తీసుకెళ్లండి.