ఇల్లు కట్టేటప్పుడు మధ్యలో మార్పులు: చేంజ్ ఆర్డర్ అంటే ఏంటి?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో చేంజ్ ఆర్డర్ గురించి మాట్లాడుకుందాం. పేరు కొత్తగా ఉన్నా, ఇది మన ఇళ్లల్లో జరిగేదే. నాన్నగారు కాంట్రాక్టర్‌తో ఒక రేటు మాట్లాడుకుంటారు. పని సగంలో ఉండగా "ఆ టైల్స్ వద్దు, ఇంకొంచెం మంచివి వెయ్యి" అంటారు. "అలాగే సార్, తర్వాత చూసుకుందాం లెండి" అంటాడు కాంట్రాక్టర్. గొడవకి పునాది పడేది ఆ "చూసుకుందాం" దగ్గరే.

చేంజ్ ఆర్డర్ అంటే, మొదటి ఒప్పందంలో చేసే మార్పుని ఆ పని మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకం పెట్టుకోవడం. ఇందులో మూడు విషయాలు ఉండాలి. ఏం మారుతోంది? డబ్బు ఎంత పెరుగుతుంది, లేదా తగ్గుతుంది? పని ఎన్ని రోజులు వెనక్కి వెళ్తుంది?

డబ్బు లెక్క చూద్దాం. ఒప్పందంలో చదరపు అడుగుకి 60 రూపాయల టైల్ ఉందనుకోండి. మీకు అదే సైజులో 90 రూపాయలది నచ్చింది. ఫ్లోర్ 1,000 చదరపు అడుగులు. టైల్స్‌కి ఎక్స్‌ట్రా ఎంత ఇవ్వాలి? 90 వేలు కాదు, 30 వేలు. ఎందుకంటే మిగతా 60 వేలు మొదటి రేటులోనే ఉన్నాయి. అలాగే ఏదైనా పని వద్దనుకుంటే ఆ డబ్బు బిల్లులో తగ్గాలి. చాలామంది ఇది అడగరు.

ఎప్పుడు మారుస్తున్నాం అన్నది కూడా ముఖ్యం. బాత్రూమ్‌లో కమోడ్ చోటు ప్లాన్ మీద మారిస్తే పెన్సిల్ గీతతో పోతుంది. టైల్స్ వేశాక మారిస్తే? పగలగొట్టాలి, పైపులు మార్చాలి, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయాలి, టైల్స్ మళ్లీ వేయాలి. పైగా బ్యాంకు లోను మొదటి ఎస్టిమేట్ చూసి ఇచ్చింది. పెరిగిన ఖర్చు మామూలుగా మన జేబులోంచే పోతుంది.

"రాసుకోలేదు కదా, ఇవ్వను" అంటే కుదురుతుందా? అంత తేలిక కాదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు చేసిన పని వల్ల మనం లాభం పొందితే, దానికి పరిహారం ఇవ్వాలని 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 చెబుతోంది. అంటే రాసుకోకపోతే పోయేది బాకీ కాదు, రేటు మీద మన పట్టు.

మరి ఫ్లాట్ కొంటే, బిల్డరే మార్పులు చేస్తే? 2016 రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం మీ ఫ్లాట్‌లో మార్పుకి మీ అనుమతి కావాలి, చిన్నపాటి మార్పులకి కొన్ని మినహాయింపులున్నాయి. ఉమ్మడి స్థలాల్లో మార్పుకైతే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

ఇంట్లో పని జరుగుతుంటే ఈ డ్యూటీ మీరు తీసుకోండి. మార్పు అనుకున్న రోజే వాట్సాప్‌లో పెట్టండి: "హాల్ టైల్స్ మార్పు, ఎక్స్‌ట్రా 30 వేలు, 4 రోజులు ఆలస్యం, ఓకేనా అన్నా?" ఆయన "ఓకే" అన్నాకే పని మొదలవ్వాలి. తర్వాత కాగితం మీద సంతకాలు చేయించండి. నోటిమాట కంటే ఆ మెసేజ్ చాలా నయం.

మీ ఇంట్లో ఇలాంటి లెక్క ఏదైనా నడుస్తుంటే కామెంట్‌లో అడగండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.