ఆ కుదుపు మన మంచికే!

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో డిసెంబరు వచ్చిందంటే ఒకటే బెంగ. అక్కడ మంచు కురుస్తోందట, విమానం ఎలా దిగుతుందో ఏమిటో! ఈమధ్య అలా వెళ్లొచ్చిన మా చుట్టాలావిడ, "పైలట్‌కి అనుభవం చాలదమ్మా, ధడాలున పడేశాడు" అన్నారు. సంగతేమిటని చదివి తెలుసుకున్నాక నాకు ఆ పైలట్ మీద గౌరవమే కలిగింది.

తడిసిన నాపరాళ్ల వాకిట్లో అడుగు గట్టిగా ఆనిస్తేనే కదా పట్టు దొరికేది! మంచు రన్‌వే మీదా అంతే. మెత్తగా దించాలని చూస్తే విమానం నేలకి ఆనకుండా తేలుతూ పోతుంది. ఆగడానికి ఉన్న చోటు కాస్తా తరిగిపోతుంది. అందుకే కావాలనే గట్టిగా ఆనిస్తారు. బరువు చక్రాల మీద పడితేనే బ్రేకులు పనిచేస్తాయి.

పక్కగాలి తోడైతే మరీ కష్టం. గాలి తోసెయ్యకుండా ముక్కు గాలివైపు తిప్పి, పీతలా ఓరగా వస్తారు. నేల తాకబోయే ముందు తిన్నగా చేస్తారు. జారే నేల మీద టైర్లకు పట్టుండదు. విమానం ఓరగా ఉండగా ఇంజన్ల రివర్స్ వేస్తే పక్కకే లాగేస్తుంది. అప్పుడు రివర్స్ తగ్గించి, దారిలో పెట్టుకుని, మళ్లీ ఆపాలి. అందుకే జారే రన్‌వేకి పక్కగాలి పరిమితి బాగా తగ్గిస్తారు.

2005 డిసెంబరు 8న షికాగో మిడ్‌వేలో మంచులో దిగిన విమానం ఆగలేక, కంచె దాటి రోడ్డెక్కింది. కారులో ఉన్న ఆరేళ్ల బాబు ప్రాణం పోయింది. ఆ రోజు గాలి వెనకనుంచి వీచింది. రివర్స్ వెయ్యడం ఆలస్యమైందని దర్యాప్తు తేల్చింది. ఆ దుర్ఘటన తర్వాతే రన్‌వేకి అంకె ఇచ్చే పద్ధతికి బీజం పడింది. 6 అంటే పొడి నేల, 0 అంటే దిగనే కూడదు. అమెరికాలో ఇది 2016లో మొదలైంది, 2021లో అంతర్జాతీయ పద్ధతి అయింది.

కాబట్టి "దిగబోయి మళ్లీ పైకి లేచింది", "వేరే ఊరికి మళ్లించారు" అని పిల్లలు ఫోన్ చేస్తే కంగారుపడకండి, విసుక్కోకండి. వద్దనుకోగలగడమూ పైలట్ నేర్చుకున్న విద్యే. అన్నం నాలుగు గంటలు ఆలస్యంగా వడ్డిద్దాం, పోయేదేముంది!