మరల వినదగిన పాఠం

తరగతి గదిలో చెప్పిన పాఠం గంట మోగడంతో ముగిసిపోతుంది. అర్థం కానిది మరొకసారి అడగడానికి జంకే విద్యార్థికి ఆ పాఠం చేజారినట్లే. ఈ లోటును కొంతవరకు తీర్చగలవి, వీడియోలను భద్రపరచి అందరికీ పంచే అంతర్జాల వేదికలు. 2005లో ఆరంభమైన యూట్యూబ్ వీటిలో సుప్రసిద్ధమైనది.

అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే యువకుడు 2004లో, దూరాన ఉన్న తన బంధువుల అమ్మాయికి ఫోను ద్వారా గణితం బోధించసాగారు. శిష్యుల సంఖ్య పెరగడంతో 2006లో తన పాఠాలను యూట్యూబ్‌లో ఉంచారు. ఎదుట చెప్పినదానికంటే వీడియో పాఠమే ఆ పిల్లలకు నచ్చిందని ఆయనే చెప్పారు. వీడియోను ఆపవచ్చు, వెనుకకు జరపవచ్చు; ఎన్నిసార్లు విన్నా విసుక్కొనేవారుండరు. ఆ కృషి నుండే 2008లో ఖాన్ అకాడమీ ఏర్పడింది.

మన దేశంలో ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలసి 2003లో ఎన్‌పీటెల్ పథకాన్ని చేపట్టాయి. తత్ఫలితంగా ఐఐటీలో సీటు లభించని విద్యార్థి సైతం అక్కడి ఆచార్యుల ఉపన్యాసాలు వినగలుగుతున్నాడు.

అయితే వీడియో విద్యార్థి ముఖంలోని సందేహాన్ని పసిగట్టలేదు. కనుక అధ్యాపకుడు ముందుగా దానిని చూసి, అవసరమైన భాగాన్ని ఎంచి, కొన్ని ప్రశ్నలు జోడించాలి. ఇంటర్నెట్ సౌకర్యం లేని విద్యార్థులకు కళాశాలలోనే ప్రదర్శించాలి. మరల వినే అవకాశం వీడియో ఇస్తుంది. మరల అడిగే ధైర్యం గురువే ఇవ్వాలి.