పాత బుల్లెట్టు కొన్నవారు ముందుగా చూడవలసినవి

హోసూరు, కృష్ణగిరి, మత్తూరు ప్రాంతాల పల్లెల్లో పాత బుల్లెట్టు మోటారు సైకిలంటే ఉన్న మోజు ఇప్పటిది కాదు. ఒక ఇంట్లో తాతగారి బండి పశువుల కొట్టంలో పదేళ్ళుగా గోనెసంచి కప్పుకొని ఉంటుంది. మరొక ఇంటి కుర్రవాడు బెంగళూరులో ఎవరో అమ్ముతున్నారని విని, ఉన్న డబ్బంతా పోసి తెచ్చుకుంటాడు. ఎలా వచ్చినా మొదట జరిగేది ఒకటే: బండికి రంగు వేయిస్తారు, ఊరంతా వినబడే సైలెన్సరు బిగిస్తారు. ఆ మరునాడే తల్లినో చెల్లెలినో వెనుక కూర్చోబెట్టుకొని జాతీయ రహదారి ఎక్కుతారు. బ్రేకు సంగతి ఎవరికీ గుర్తుండదు. పని నేర్చుకోవాలనుకునే వారికి ఈ క్రమం తలకిందులుగా ఉండాలని నా అభిప్రాయం. ముందు కాగితాలు, తరువాత బండిని ఆపే భాగాలు, ఆ తరువాత నడిపే భాగాలు చూసుకోవాలి. రంగు చిట్టచివరి పని.

ఇక్కడ చెప్పబోయేది పోత ఇనుప సిలిండరు గల పాత 350 బుల్లెట్టును గురించి. 1955లో మద్రాసు మోటార్స్ వారూ ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు వారూ కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థను నెలకొల్పారు. మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో ఈ బండ్లు తయారయ్యాయి. 1994లో సంస్థ ఐషర్ వారి చేతికి వచ్చింది. ఆ పాత ఇంజను మాత్రం స్వల్ప మార్పులతో 2010 ప్రాంతం వరకు కొనసాగింది. దాని సామర్థ్యం 346 సి.సి. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 90 మిల్లీమీటర్లు. నిదానంగా, బలంగా లాగే ఈ ఇంజనులో కంప్యూటరు పెట్టె లేదు. చేతికి అందని భాగాలు తక్కువ, కంటికి కనబడే భాగాలు ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు.

కాగితాల విషయంలో సరిహద్దు వాసులమైన మనకు మిగతా వారికంటే చిక్కులు ఎక్కువ. హోసూరు నుండి బెంగళూరు 40 కిలోమీటర్ల దూరమే అయినా బండికి అది వేరే రాష్ట్రం. కుప్పం నుండి తెచ్చుకున్నా అంతే. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. అందుకు పాత కార్యాలయం నుండి 28వ నంబరు ఫారం మీద నిరభ్యంతర పత్రం రావాలి. యాజమాన్యం మార్పుకు 29, 30 నంబరు ఫారాలపై అమ్మినవారి సంతకం కావాలి. కొన్నవారు 30 రోజుల లోపల తమ రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. అమ్మినవాడు సంతకం పెట్టకుండా ఊరు మారిపోతే ఆ బండి మీ కొట్టంలో ఉన్నా మీది కాదు. అందుచేత నిరభ్యంతర పత్రం చేతికి వచ్చేదాకా పూర్తి పైకం ఇవ్వకండి. "ఆ కాగితం తరువాత పంపుతానన్నా" అన్న మాటను నమ్మి సంవత్సరాలుగా తిరుగుతున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి.

తాతగారి బండి అయితే మరొక సంగతి. కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుండి విడివడింది. అంతకు ముందు రిజిస్టరైన బండ్ల పుస్తకాల్లో ధర్మపురి కార్యాలయం పేరు, టి.ఎన్. 29 అన్న నంబరు ఉండవచ్చు. ఇప్పుడు కృష్ణగిరికి టి.ఎన్. 24, హోసూరుకు టి.ఎన్. 70. పాత పుస్తకంలోని వివరాలు పరివాహన్ వెబ్‌సైటులో కనబడుతున్నాయో లేదో ముందే చూసుకోండి. కనబడకపోతే వాటిని కంప్యూటరులో ఎక్కించమని కార్యాలయంలో అడగాలి. ఇంజను మీద, ఫ్రేము మీద కొట్టిన అంకెలను పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చి చూడాలి. వాటిని ఆకురాయితో రుద్దిన జాడ ఉంటే ఆ బండి జోలికి పోవద్దు.

రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆ తరువాత 25వ నంబరు ఫారంతో ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ఈ రుసుము మోటారు సైకిళ్ళకు 2022 ఏప్రిల్ నుండి 300 రూపాయల నుండి 1,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 రూపాయలు చేశారు. హరిత పన్ను, పొగ పరీక్ష, మూడవ పక్షపు బీమా వేరు. ఈ మొత్తం లెక్క వేసుకున్న తరువాతే బండి ధర బేరమాడాలి.

ఇక బ్రేకులు. పాత బుల్లెట్టులో రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. చక్రం ఊడదీయడం చూడటానికి పెద్ద పనిలా కనిపిస్తుంది గాని, సెంటరు స్టాండు వేసి రెండు స్పానర్లతో ఓపికగా చేయగలిగినదే. డ్రమ్ము తెరవగానే కనబడే దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాసు ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయండి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి. లైనింగు అరిగి రివెట్లు పైకి తేలినా, దాని మీద గ్రీజు పీల్చుకున్న నల్లమరక ఉన్నా షూలు మార్చవలసిందే. నూనె పీల్చిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అది పైకి శుభ్రంగా కనబడుతుంది, వేడెక్కగానే లోపలి జిడ్డు బయటకు వస్తుంది. తొప్పూరు కనుమ దిగేటప్పుడు ఆ సంగతి తెలియడం ఎవరికీ మంచిది కాదు. ముందు బ్రేకు కేబులులో ఒక్క పోగు తెగి కనబడినా కొత్తది వేయండి.

చక్రం తిరిగి బిగించాక స్టాండు మీదనే తిప్పి చూడాలి. బ్రేకు వదిలినప్పుడు స్వేచ్ఛగా తిరగాలి, పట్టగానే నిలిచిపోవాలి. స్పోకులను చిన్న స్పానరుతో ఒక్కొక్కటిగా తట్టండి. బిగువుగా ఉన్నది ఖంగున మోగుతుంది, వదులుగా ఉన్నది బొంయిమంటుంది. వెనుక చక్రాన్ని పట్టుకొని అటూ ఇటూ ఊపితే ఆట కనబడితే చక్రపు బేరింగుల్లోనో, వెనుక ఫోర్కు బుష్షుల్లోనో అరుగుదల ఉందన్నమాట. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం. 2314 అని ఉంటే 2014లో 23వ వారం. గీతలు ఎంత లోతుగా ఉన్నా అంత పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది గనుక మార్చడమే మేలు.

మరొక ప్రమాదం బండిలో కాదు, మన కాళ్ళలో ఉంది. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉంటాయి. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. ఇతర బండ్లకు అలవాటుపడినవాడు ఉలిక్కిపడినప్పుడు కుడికాలు తొక్కుతాడు. బండి ఆగదు, గేరు మారుతుంది. కోసిన పొలంలోనో ఖాళీ మైదానంలోనో వారం రోజులు ఒంటరిగా నడిపి, కాలికి కొత్త అలవాటు పట్టిన తరువాతే ఎవరినైనా వెనుక ఎక్కించుకోవాలి. చీరకొంగు చక్రంలో పడకుండా ఉండే కంచె, వెనుకవారి కాలిపీటలు ఆనాటికే బిగించి ఉండాలి. అందం కోసం వాటిని పీకివేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు ఇంజను దగ్గరకు రావచ్చు. చాలాకాలం నిలిచిన బుల్లెట్టులో ఒక విచిత్రం ఉంది. దాని ఆయిలు తొట్టి ఇంజను గుల్లలోనే ఒక భాగం. నెలల తరబడి నిలిచితే ఆ ఆయిలు పంపు సందుల గుండా మెల్లగా జారి క్రాంకు తిరిగే గదిలో చేరుతుంది. తొట్టి కొలపుల్ల చూసి "ఆయిలు లేదు" అనుకొని మరో రెండు లీటర్లు పోస్తారు. కిక్కు కొట్టగానే తెల్లపొగ, గాలిగొట్టం నుండి ఆయిలు ధార. ఇంజను పాడైందని మెకానిక్కు కూడా అనేయవచ్చు. కనుక ముందు అడుగున ఉన్న మరలు విప్పి, తొట్టిలోనిదీ క్రాంకు గదిలోనిదీ రెండూ పూర్తిగా దింపి, ఆ తరువాత కొలపుల్ల గుర్తు వరకు కొత్త ఆయిలు పోయాలి. ఇంజను నడవగానే పైనున్న రాకరు డబ్బాలకు పోయే సన్నని గొట్టపు మరను కాస్త వదులు చేసి చూడండి. ఆయిలు ఊరుతూ రావాలి. రాకపోతే వెంటనే ఇంజను ఆపివేయాలి.

పెట్రోలు ట్యాంకు లోపలి తుప్పు మరొక శత్రువు. 2025 నాటికి మన బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరచి పగిలేలా చేస్తుంది. గొట్టాలన్నీ కొత్తవి వేసి, ట్యాంకు కడిగి, బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు పెట్రోలు తీసివేయడం మంచిది. కార్బురేటరులోని సన్నని జెట్టును గుండుసూదితో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. పంచరు షాపులోని గాలి గొట్టం చాలు.

నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల పెట్టె ఇంజను కుడివైపున ఉంటుంది. కృష్ణగిరిలో తమిళంలో అడిగినా, హోసూరులో తెలుగులో అడిగినా, బెంగళూరులో కన్నడంలో అడిగినా పాయింటు పాయింటే, కనుక భాష చిక్కు లేదు. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఇందుకు ఫీలరు గేజి కొనుక్కోండి, బ్లేడు ముక్కతో కొలవకండి. పాయింట్ల ముఖాలు త్వరత్వరగా నల్లబడుతుంటే కండెన్సరును అనుమానించాలి. నిప్పురవ్వ పడే సమయం పిస్టను పైకొసకు 0.8 మిల్లీమీటర్ల ముందు. దీన్ని సరిచేయడం మాత్రం మొదటిసారి తెలిసినవారి పక్కన కూర్చొని నేర్చుకోవాలి. ఎందుకంటే ఆ సమయం మరీ ముందుకు జరిగితే కిక్కు ఎదురుతంతుంది. బుల్లెట్టు ఎదురుతన్నుకు చీలమండ విరిగినవారున్నారు.

కిక్కు కొట్టడానికీ ఒక పద్ధతి ఉంది. తాళం వేసి, కిక్కును కాలితో మెల్లగా అదమండి. ఒకచోట గట్టిగా ఎదురునిలుస్తుంది. అమ్మీటరు ముల్లు ఎడమవైపు నుండి మధ్యకు వస్తే పాయింట్లు తెరుచుకున్నాయని గుర్తు. అప్పుడు డీకంప్రెషను లివరు నొక్కి, కిక్కును మరికొంచెం మాత్రమే దించి, లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి ఒక్కసారి పూర్తిగా తొక్కాలి. బలం కాదు, పొడవైన తొక్కుడు కావాలి. భౌతికశాస్త్రంలో అమ్మీటరు అంటే పరీక్షకు చదివే మాటగా భావించే పిల్లలకు ఈ ముల్లు ఒక్క ఉదయంలో చాలా నేర్పుతుంది.

టాపెట్ల సర్దుబాటు కూడా ఇంట్లో చేయదగినదే. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో పిస్టనును పైకొసకు తెచ్చి, కుడివైపు చిన్న మూత తీయండి. పుష్‌రాడ్డు వేళ్ళతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ ఆట మాత్రం ఉండకూడదు. టకటక శబ్దం పోవాలని ఇంకా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కాస్త శబ్దం ఉన్నా ఫరవాలేదు.

ఇంజను పడుతూ, పొగ లేకుండా, అడుగు నుండి బరువైన దెబ్బల శబ్దం రాకుండా ఉంటే దాన్ని విప్పవద్దు. కొత్తవారికి విప్పాలన్న ఉబలాటం ఉంటుంది. క్రాంకు, సిలిండరు బోరు, వాల్వు సీటు, వంగిన రిమ్ము సరిచేయడం యంత్రాలున్నవారి పని. విడిభాగాలకు బెంగళూరు జె.సి. రోడ్డు, చెన్నై పుదుపేట పేరుపొందినవి. పాత భాగాన్ని చేతిలో పట్టుకొని వెళ్ళి, కొత్తదాన్ని పక్కన పెట్టి కొలుచుకొని కొనండి. బ్రేకు షూలు, కేబుళ్ళు మాత్రం వాడినవి కొనకూడదు.

రంగు మార్చదలిస్తే ఆ మార్పును రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదు చేయించాలి. పాత రంగే వేయించుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది.

మొదటి ప్రయాణం 20 కిలోమీటర్లకు మించనీయకండి, పగటిపూటే పెట్టుకోండి. సంచిలో ఒక స్పార్కు ప్లగ్గు, క్లచ్చు కేబులు, ప్లగ్గు స్పానరు, కొంచెం తీగ ఉండాలి. తిరిగి వచ్చాక ఇంజను చల్లారనిచ్చి ఆయిలు కొలత చూసి, ఇంజనును ఫ్రేముకు పట్టి ఉంచే నట్లను, సైలెన్సరు బోల్టులను, హ్యాండిలు బిగింపులను మళ్ళీ బిగించాలి. ఈ ఇంజను అదురుకు అవి వదులవుతాయి. 100 కిలోమీటర్లయ్యాక మరొకసారి, 500 దగ్గర మరొకసారి ఇదే పని చేసి, తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.