బావి ముందే త్రవ్వేవారు

ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వబూనిన వానిని చూచి నవ్వే సామెత తెలుగునాట ఉన్నది. పూర్వపు పల్లెలలో పూరిండ్లు ఒకదాని చూరు మరొకదానికి తగిలేటట్లు ఉండేవి. వేసవిలో ఒక పొయ్యి నుండి ఎగిరిన రవ్వ పొద్దు గుంకేలోపల వీధినంతా బూడిద చేసేది. మంట లేచిన తరువాత మొదలుపెట్టిన ఏ యత్నమూ మంటను అందుకోలేదని ఆ జనానికి అనుభవం మీద తెలిసింది. నేటి అగ్నిమాపక కేంద్రం ఆ సామెతకు లోకం చెప్పుకొన్న సమాధానం. అది ముందుగా త్రవ్వి ఉంచిన బావి. అందులో నీటితో పాటు నిలువ ఉండవలసినవి నేర్చిన చేతులు, తెలిసిన బుద్ధి, ఒకరినొకరు నమ్మిన మనుషులు.

ఈ బావి త్రవ్వే పనిలో విద్యార్థులు కూడ చేయి కలుపుతున్నారు. ఐ.టి.ఐ.లలో అగ్నిమాపక విద్యను, పారిశ్రామిక భద్రతను చదివే పిల్లలున్నారు. ఆ సంస్థల నేటి పాఠ్యప్రణాళికలో ఏటా 150 గంటలు, పని జరిగే చోటనే పని నేర్చుకొనడానికి కేటాయించబడినవి. 1956లో కేంద్రప్రభుత్వం స్థాపించిన జాతీయ అగ్నిమాపక కళాశాల నాగపూరులో ఉన్నది. అక్కడ ఈ విద్య ఇంజనీరింగు పట్టం వరకు సాగుతుంది. తరగతిగదిలో నిప్పు అంటే నల్లబల్ల మీద గీసిన ఒక త్రికోణం. ఇంధనం, ప్రాణవాయువు, వేడి దాని మూడు భుజాలు. ఏ ఒక్క భుజాన్ని తొలగించినా మంట ఆరిపోతుంది. పరీక్షలో వ్రాయడానికి ఇంత చాలును. ఆ త్రికోణానికి పొగ ఉన్నదనీ, బరువు ఉన్నదనీ, అది ఎవరికోసమూ ఆగదనీ తెలియడానికి మాత్రం అగ్నిమాపక కేంద్రం గుమ్మం తొక్కవలసిందే.

గుమ్మం తొక్కిన విద్యార్థి మనస్సులో గంట మ్రోగుతూ ఉంటుంది. ఎర్రబండి పరుగెత్తుతూ ఉంటుంది. తాను మంటలలోకి దూకి ఒక పసిబిడ్డను ఎత్తుకొని వస్తూ ఉంటాడు. కాని మొదటి ఉదయం అతనికి లభించేది కవాతు. తరువాత బండిని తుడవడం, పరికరాలను లెక్కచూడడం, నిచ్చెన మోయడం, త్రాటికి ముడి వేయడం, విప్పడం, మరల వేయడం. అటుపిమ్మట నీటిగొట్టం. సాధారణంగా 15 మీటర్ల నిడివి గల ఆ గొట్టాన్ని చాపచుట్టవలె చుట్టి ఉంచుతారు. ఒక కొస పట్టుకొని విసరితే అది నేలమీద తిన్నగా పరచుకొనాలి. ఒక గొట్టం మూతి మరొక గొట్టం మూతిలో కూర్చుని, తాళం పడినట్లు చప్పుడు కావాలి. ఈ పనిని పదిసార్లు, ఇరువదిసార్లు చేయించిన లీడింగ్ ఫైర్‌మన్ ఇరువదియొకటవసారి కూడ చేయమంటాడు. నిప్పు కోసం వచ్చినవానికి చాకిరీ దొరికినదేమని కుర్రవాడు చిన్నబుచ్చుకొనడం సహజం.

ఆ చాకిరీకి గల అర్థం గొట్టంలో నీరు నిండినప్పుడు తెలుస్తుంది. అంతవరకు గుడ్డపట్టీవలె పడి ఉన్నది ఒక్కసారిగా ప్రాణం వచ్చిన పామువలె లేస్తుంది. చివరన నాజిల్ పట్టినవానిని వెనుకకు త్రోస్తుంది. వాని వెనుక మరొకడు భుజం ఆనించి నిలిస్తే తప్ప అడుగు కుదురుకొనదు. దారిలో ఎక్కడ మెలిక పడినా ముందున్నవానికి నీరు తగ్గిపోతుంది. ముందున్నవాడు పొగలో ఉంటాడు. మెలిక ఎక్కడ పడిందో వానికి కనబడదు. దానిని సరిచేయవలసినవాడు బయట, వెలుతురులో, ఎవరూ మెచ్చని చోట నిలుచున్న మనిషి. శిక్షణకు వచ్చిన విద్యార్థికి మొదట లభించేది ఆ చోటే. లోపలివాని ప్రాణం తన చేతిలోని మెలిక మీద ఆధారపడి ఉన్నదని గ్రహించిన రోజున అతని చిన్నబోయిన ముఖం గంభీరమౌతుంది.

కేంద్రంలో మరొక పాఠశాల ఉన్నది. అది టెలిఫోను ఉండే చిన్నగది. 101 అనే సంఖ్యకు పిలిచేవారు నిదానంగా మాట్లాడే స్థితిలో ఉండరు. మంట, మంట అని కేకవేసి ఫోను పెట్టివేసేవారుంటారు. కొత్తపేట అని మాత్రమే చెప్పేవారుంటారు; తెలుగుదేశంలో కొత్తపేట లేని పట్టణం వెదకి చూడవలసినదే. అట్టివారి నుండి చోటు ఏది, దగ్గర గుర్తు ఏమిటి, కాలుతున్నది ఏమిటి, లోపల మనుషులున్నారా, పిలుస్తున్నవారి నంబరు ఎంత అనే సంగతులను నాలుగైదు పొట్టిమాటలలో రాబట్టాలి. గొంతు పెంచరాదు, విసుగు చూపరాదు. విన్నదానిని తప్పులేకుండ వ్రాయాలి. భాషను అలంకారం కోసం కాక ప్రాణం కోసం వాడడం ఎట్లాగో విద్యార్థి అక్కడ నేర్చుకొంటాడు. అస్పష్టమైన ఒక్క వాక్యం బండిని వేరొక వీధికి నడిపిస్తుంది.

అటు తరువాత లెక్కలు. అగ్నిమాపక శకటాలలో 4,500 లీటర్ల నీరు పట్టేవి చాలవరకు వాడుకలో ఉన్నవి. వినడానికి అది పెద్ద సంఖ్య. ఒక్కొక్క నాజిల్ నుండి నిమిషానికి 300 లీటర్లు పోతున్నవనుకొంటే, రెండు నాజిళ్ళకు ఏడున్నర నిమిషాలలో ట్యాంకు ఖాళీ. కనుక ప్రతి లీటరూ మంటపై పడి పనిచేయాలి. ఒక కిలో నీరు 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు కాగడానికి 70 కిలో కేలరీల వేడిని గ్రహిస్తుంది. అదే నీరు ఆవిరిగా మారడానికి మరి 540 కిలో కేలరీలను లాగుకొంటుంది. అంటే నీరు మంటను గెలిచేది తడిపినందువలన కంటె ఆవిరియై వేడిని మోసుకొనిపోయినందువలన. తుంపరగా విడిపోయిన నీరు త్వరగా ఆవిరి అవుతుంది. దూరాన ఉన్న నిప్పును చేరడానికి ధార కావాలి. ఎక్కడ ధార, ఎక్కడ తుంపర అన్నది చేతికి తెలియాలి.

నన్నయభట్టు తెలుగు చేసిన ఆదిపర్వంలోని ఖాండవదహన కథ ఇక్కడ జ్ఞాపకం రాక మానదు. అగ్ని ఖాండవవనాన్ని దహిస్తుండగా ఇంద్రుడు వాన కురిపించినాడు. వానకు కొరత లేదు, ఆకాశమంతా ఇంద్రునిదే. అయినను అడవి ఆరలేదు, అర్జునుని బాణాలు కప్పుగా నిలిచి ఆ నీటిని నిప్పు వరకు రానీయలేదు గనుక. నీరు ఎంత ఉన్నదన్నది ఒక ప్రశ్న, నిప్పును చేరినది ఎంత అన్నది మరొక ప్రశ్న. దేవేంద్రుని ఓడించినది ఆ రెండవ ప్రశ్న.

నీరు పోయరాని నిప్పులు కూడ ఉన్నవని విద్యార్థి తెలుసుకొనాలి. కాగుతున్న నూనె అంటుకొంటే నీరు దాని అడుగుకు దిగి, క్షణంలో ఆవిరియై, మండే నూనెను నలువైపులా చిమ్ముతుంది. నీరు ఆవిరి అయితే సుమారు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది; ఒక చెంబెడు నీరు వంటయింటిని ముంచేది ఆ కారణం చేతనే. అక్కడ పొయ్యి ఆపి మూత వేయడమే విద్య. విద్యుత్తు పారుతున్న చోట ముందు ప్రవాహాన్ని ఆపాలి. అన్నిటికంటె వింతపాఠం వంటగ్యాసుది. సిలిండరు మూతి వద్ద మంట ఉన్నది, గ్యాసును ఆపే వీలు ఇంకా దొరకలేదు. అప్పుడు ఆ మంటను ఆర్పరాదు. చుట్టుప్రక్కలను, సిలిండరును చల్లబరుస్తూ మంటను ఉండనీయాలి. ఆర్పితే కాలని గ్యాసు బయటకు వస్తూనే ఉంటుంది. అది గాలికంటె బరువైనది కనుక నేలబారున ప్రాకి, గుంటలలో చేరి, దూరాన ఎక్కడో ఒక రవ్వను అందుకొని ఇల్లంతా పేల్చివేస్తుంది. మంటలార్పే వృత్తిలో చేరినవానికి మంటను ఆర్పకుండ నిలబడవలసిన ఘడియ ఒకటి ఉంటుందని చెప్పినప్పుడు, సాహసానికీ వివేకానికీ గల దూరం మొదటిసారిగా కనబడుతుంది.

ఈ దూరానికి మన దేశం పెద్దవెల చెల్లించిన రోజు ఒకటి ఉన్నది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో నిప్పు పుట్టింది. ఆ ఓడలో సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థాలు, వేలకొలది ప్రత్తిబేళ్ళు ఉన్నవి. బిగించి కట్టిన ప్రత్తిబేలు నివురుగప్పిన నిప్పుకు అసలైన నివాసం. పైన తడిసినా లోపల రాజుకొంటూనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పొగ కనబడింది. అగ్నిమాపక దళం వచ్చి వందల టన్నుల నీరు పోసింది. నిప్పు ఏ మూల ఉన్నదో తేలలేదు. ఓడను అక్కడే ముంచివేయాలా, రేవు నుండి బయటకు లాగించాలా అన్న నిర్ణయమూ సమయానికి తేలలేదు. నాలుగు గంటల ఆరు నిమిషాలకు ఓడ ప్రేలింది. అరగంట తరువాత మరొకసారి ప్రేలింది. రేవు, చుట్టుప్రక్కల వీధులు నాశనమైనవి, వందలమంది మరణించినారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవం జరిపేది వారి స్మృతికే.

ఆ 66 మందికి ధైర్యం కొరవడలేదు. కడవరకు గొట్టాలు వదలని వారిని గురించి ఆ మాట ఎవరూ అనలేరు. కాలుతున్నదేమిటి, దాని ప్రక్కన ఉన్నదేమిటి, నిలువవలెనా తొలగవలెనా అని నిర్ణయించే ఎరుక సమయానికి వారిని కాపాడడానికి రాలేదు. అందువలననే కేంద్రంలోని శిక్షకుడు విద్యార్థికి మంట చూపి వెంటనే ఏమి చేస్తావని అడుగడు. ముందు ఏమి చూచినావని అడుగుతాడు.

ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం, ప్రత్తిగోదాము నుండి పిలుపు వచ్చినదనుకొనవచ్చును. బండితో వెళ్ళిన విద్యార్థికి లోపలికి ప్రవేశం లేదు. మూతికి ముసుగు తగిలించుకొని, వీపుమీద సిలిండరుతో ఇద్దరు జంటగా లోపలికి పోతారు. ఒంటరిగా పోవడం నియమానికి విరుద్ధం. వారి వీపు మీద ఉండేది నొక్కిపట్టిన గాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. కనుక ముసుగు లేనివాని ధైర్యం కొన్ని నిమిషాలలో స్పృహతో పాటు పోతుంది. బయట ఒకడు పలక పట్టుకొని లోపలికి పోయినవారి పేరు, పోయిన వేళ, సిలిండరులోని గాలి ఎంతో వ్రాసుకొంటాడు. వారు ఏ నిమిషానికి వెనుకకు రావాలో లెక్క కడతాడు. విద్యార్థి అతని ప్రక్కన నిలిచి గడియారం చూస్తాడు. జనం గుమిగూడి మంటను చూస్తుంటారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగిన పెద్దమనిషి వంశీకులు నేడు సెల్‌ఫోన్లలో బొమ్మలు తీస్తుంటారు. విద్యార్థి చూపు మాత్రం ముల్లు మీద, ఆ రెండు పేర్ల మీద ఉంటుంది.

లోపలివారు వేళకు వెలికి వస్తారు. బేళ్ళను ఒక్కొక్కటిగా బయటకు లాగి, విప్పి, తడిపి, మరల చేయిపెట్టి చూస్తారు. మంట ఆరిన తరువాత గంటలు పట్టే పని అది. జనం అప్పటికే వెళ్ళిపోయి ఉంటారు. తిరిగి కేంద్రానికి వచ్చిన వెంటనే విశ్రాంతి లేదు. ట్యాంకు నింపాలి, తడిసిన గొట్టాలు కడిగి ఆరవేయాలి, పొడిగొట్టాలు చుట్టి బండిలో సర్దాలి. తరువాతి పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు. మొదటి రోజున చాకిరీగా తోచిన ఆ పనిని అప్పుడు విద్యార్థి ఎవరూ చెప్పకుండనే చేస్తాడు. మెలిక లేకుండ చుట్టినానా అని తానే మరొకసారి చూచుకొంటాడు.

బడిలో ఉపాధ్యాయుడు త్రికోణాన్ని బొమ్మగా గీసేటప్పుడు ఈ సంగతులను కూడ చెప్పవచ్చును. పిల్లలందరూ అగ్నిమాపక సిబ్బంది కానక్కరలేదు. నూనె మంటపై నీరు పోయరాదని, పొగలో వంగి ప్రాకాలని, 101కు పిలిచి చోటును స్పష్టంగా చెప్పాలని, ఎర్రబండికి దారి ఇవ్వాలని తెలిసిన బిడ్డ ఉన్న ఇల్లు సగం బావి త్రవ్వుకొన్న ఇల్లు. మిగిలిన సగాన్ని, పిలుపు రాని రోజులలో, ఎండలో గొట్టాలు పరచి చుట్టుతూ కొందరు త్రవ్వుతూనే ఉన్నారు.